మారుతాళంలో చైర్మన్ గారి ఫోటో

నేను చేసిన పనికి జీతం లేదు, అందుచేత పెన్షనూ లేదు. రిటైర్మెంటు మాత్రం ఉంది. ఈమధ్యే పుచ్చుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా దిగుతున్న పిల్లలు సలహా చెప్పమని అడుగుతున్నారు. సలహాలు నా దగ్గర లేవు. చేసిన వెధవపనులు ఉన్నాయి, అవే రాస్తాను.

జీతమిచ్చిన ఉద్యోగం వేరే ఉండేది. బాపట్లలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌చార్జిని. దాని గురించి రాయడానికేమీ లేదు. కంప్యూటర్లు పాడయ్యేవి, బాగుచేసేవాణ్ణి, మళ్ళీ పాడయ్యేవి. అసలు పనంతా తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే పాసింజరులోనూ, ల్యాబ్ ఖాళీగా ఉన్న పీరియడ్లలోనూ జరిగింది. పదమూడేళ్ళ పాటు 'మారుతాళం' అనే పనిముట్టును నేనే చూసుకున్నాను. అది ఆండ్రాయిడ్ ఫోన్లను రూట్ చేసే పనిముట్టు.

రూట్ అంటే ఏంటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఫోన్ కొనేది మీరు, పెత్తనం కంపెనీది. మీకక్కర్లేని ఆప్‌లు ఓ డజను పెట్టి పంపిస్తారు, తీసేద్దామంటే కుదరదంటారు. ఇల్లు అమ్మిన బిల్డరు ఒక గది తాళం తన దగ్గరే అట్టిపెట్టుకున్నట్టు. ఆ గది కూడా తెరిచి సొంతదారుకి అప్పజెప్పడమే రూట్ చేయడం. అయితే ఆ గదిలోకి వెళ్ళినవాడు ఫోన్లో ఏదైనా చేయగలడు. సొంతదారే వెళ్తే మంచిదే. ఇంకొకడు వెళ్తే వాడు చదవని మెసేజు ఉండదు.

ఇందులో నా పని రెండు భాగాలు. కోడ్ అందరికీ కనపడేలా నెట్‌లో పెట్టడం ఒకటి. ఎవరైనా చదవచ్చు, తప్పులు పట్టచ్చు. ఆ కోడ్‌ని ఫోన్లోకి ఎక్కించుకునే ఒక్క ఫైలుగా, అంటే ప్యాకేజీగా కట్టి, నా రహస్య కీతో సంతకం చేసి వదలడం రెండోది. ఆ సంతకం చూస్తే చాలు, ఊళ్ళల్లో ఉన్న మారుతాళాలన్నీ కొత్త ఫైలుని మారుమాట్లాడకుండా లోపలికి రానిస్తాయి. అంటే ఆ కీ ఎవరి చేతిలో ఉంటే ఆ ఫోన్లన్నీ వాళ్ళ చేతిలో ఉన్నట్టే. మిగతాదంతా మర్చిపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి. నేను మర్చిపోయాను.

అమ్మ మీద ఒట్టు

మొదటి పాఠం, ఎవరూ ఏదీ చదవరు.

'ఇది చేస్తే ఫోన్లో ఉన్నవన్నీ పోవచ్చు, ముందు అన్నీ వేరేచోట దాచుకోండి' అని ఎర్రక్షరాల్లో రాసి, కింద 'అంగీకరిస్తున్నాను' అని మీట పెట్టాను. అందరూ టపీమని నొక్కేవాళ్ళు. చేబ్రోలు నుంచి ఒకాయన ఫోన్ చచ్చిపోయిందని ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. పెద్దమనుషులు మా నాన్నగారి పేరు విని, కాఫీ తాగి, తప్పు ఇద్దరిదీ ఉందని తీర్పు చెప్పి, వాళ్ళ ఫోన్లు కూడా ఒకసారి చూడమన్నారు.

అప్పుడు మీట తీసేశాను. 'మా అమ్మ మీద ఒట్టు, అన్నీ వేరేచోట దాచుకున్నాను' అని సొంతంగా టైపు చేస్తేగానీ ముందుకు కదలకుండా పెట్టాను. తెలుగులో వాడేవాళ్ళకి కనపడే తెరలో మాత్రమే. అంతే, దారికొచ్చారు. సగం మంది అక్కడ ఆగిపోయి, బుద్ధిగా ఫోటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, అప్పుడొచ్చి ఒట్టేశారు. కంపెనీల లాయర్లు అరవై పేజీలు రాసి సాధించలేనిది అమ్మ పేరుతో అయిపోయింది.

ఇది నా గొప్పగా చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి ఆ ఆలోచన నాది కాదు. ఫిర్యాదులు రాసే చోట 'ముల్లు' అన్న మారుపేరుతో ఒక శాల్తీ రాసింది: 'మీట ఎవరూ చదవరు. ఒట్టు పెట్టించండి.' రెండే వాక్యాలు. నమస్కారం లేదు, సార్ లేదు. సలహా వాడుకున్నాను గానీ ఆ పొగరు నచ్చక పేరు వేయలేదు.

ఏడుసార్లు నొక్కితే

మా కాలేజీ ఉద్యోగం నాకెలా వచ్చిందో చెబితే తరవాతి కథ అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో ఒక్కటే ప్రశ్న. 'మీరు ఎవరి తాలూకు?' మా నాన్నగారు తెనాలిలో లెక్కల మాస్టారు. ఆ పేరు చెప్పాను. చైర్మన్ గారు కుర్చీలోంచి సగం లేచి, ఆయన చేత బెత్తం దెబ్బలు తిన్నానని సంతోషంగా చెప్పి, సోమవారం రమ్మన్నారు. కంప్యూటర్ ఆన్ చేయడం వచ్చా అని కూడా అడగలేదు.

కొన్నేళ్ళకి మారుతాళం సంగతి ప్రిన్సిపాల్ చెవిన పడింది. మొదట సిలబస్‌లో ఉందా అని అడిగాడు. లేదన్నాను. తరవాత బాగా ఆలోచించి, కాలేజీ కరెంటు వాడుతున్నారు కాబట్టి తెర మీద చైర్మన్ గారి ఫోటో పెట్టండి అన్నాడు. మా కాలేజీలో మంచినీళ్ళ కుళాయి మీద, స్కూటర్ల షెడ్డు మీద, హాస్టల్ మెనూ మీద కూడా ఆయన ఫోటో ఉండేది. ఇది కొత్తేం కాదు.

కాదంటే ల్యాబ్ తాళాలు తీసుకుంటారు. పెడితే నలుగురిలో పరువు పోతుంది. మధ్యేమార్గం పట్టాను. వెర్షన్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే చైర్మన్ గారు ప్రత్యక్షమయ్యేలా పెట్టాను. ఆయనకి చూపిస్తే పసిపిల్లాడిలా మురిసిపోయారు. అదేదో పెద్ద రహస్యమని నమ్మి, వచ్చినవాళ్ళందరికీ నొక్కి చూపించేవారు.

ఇక్కడే తప్పు చేశాను. ఆ ఫోటోని అందరూ చదివే కోడ్‌లో పెట్టడానికి సిగ్గేసింది. అందుకని బయట కోడ్ శుభ్రంగా ఉంచి, ప్యాకేజీ కట్టేటప్పుడు మాత్రం నా చేత్తో ఫోటో కలిపేవాణ్ణి. అంటే జనం చదివేది ఒకటి, ఫోన్లోకి వెళ్ళేది ఇంకొకటి. తేడా ఒక ఫోటోయే కదా అనుకున్నాను. దొంగ దూరడానికి కన్నం నేనే తవ్వి, దానికి చైర్మన్ గారి పటం తగిలించాను.

బాబాయ్ గారూ

అరవై దగ్గర పడుతోంటే ఈ పని ఎవరికైనా అప్పజెప్పాలన్న బెంగ పట్టుకుంది. అప్పుడొచ్చాడు శేషు. ఆ పేరుతో రాసేవాడు. మొదటి ఉత్తరమే 'గౌరవనీయులైన సార్ గారికి పాదాభివందనం' అని మొదలైంది. నా కోడ్‌లో చిన్న తప్పు దిద్ది, దిద్దినందుకు క్షమించమని అడిగాడు.

నేను అందరినీ అడిగేదే అడిగాను. ఏ ఊరు బాబూ? కాకుమాను అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. మా అమ్మ పుట్టిల్లు కాకుమాను. ఎవరి తాలూకు అంటే మా మేనమామ వాళ్ళకి దూరపు చుట్టమన్నాడు, పంచాయితీ ఆఫీసు వెనక ఇల్లన్నాడు. ఆ రోజు నుంచి సార్ పోయి బాబాయ్ గారు వచ్చారు. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగేవాడు. మా పెద్దమ్మ సంవత్సరీకం తారీకు నాకంటే ముందు వాడే గుర్తుచేశాడు. ఇంతకంటే ఏం పరీక్ష కావాలండి?

ఇప్పుడు నవ్వొస్తుంది. ఎందుకంటే నాకో అలవాటుండేది. ప్రతి కొత్త విడుదలకీ నోటు రాయాలి కదా, అందులో ఏం మారిందో రెండు లైన్లు, మా ఇంటి కబుర్లు రెండు పేరాలు రాసేవాణ్ణి. మోకాలు, మేనమామ, కాకుమాను, పెద్దమ్మ సంవత్సరీకం వల్ల ఆలస్యం, అన్నీ. లోకమంతా చదవచ్చు. ప్రశ్న నేనే వేసి, జవాబు నేనే ముందు అచ్చేసి పెట్టాను. తాళం వేసి చెవి గుమ్మానికి వేలాడదీసినవాడికి మా ఊళ్ళో ఒక పేరుంది, ఇక్కడ రాయను.

రెండేళ్ళు ఓపిగ్గా పనిచేశాడు. తరవాత, చేత్తో ప్యాకేజీ కట్టడం మీకెందుకు బాబాయ్ గారూ, స్క్రిప్టు రాసిస్తాను, మీట నొక్కితే ఫోటోతో సహా అయిపోతుంది అన్నాడు. ఫోటో సంగతి బయటపడకూడదు కాబట్టి ఆ స్క్రిప్టు కూడా బయటపెట్టలేదు. మా చైర్మన్ గారి పరువు కాపాడుతున్నాడని పొంగిపోయాను. ఒక సోమవారం నా ఆఖరి విడుదల అని, అదే రోజు సంతకం కీ శేషుకి ఇచ్చేస్తానని ప్రకటించాను. దానికి ముందు పరీక్ష కోసం ఓ నలభై మందికి ఆ స్క్రిప్టుతో కట్టిన ప్యాకేజీ పంపాను. నలభైలో ఒకటి మా ఆవిడ సుభద్ర ఫోన్. మొదటి బలి ఎప్పుడూ ఇంట్లోవాళ్ళే.

ముప్పై ఎనిమిది, నలభై ఒకటి

పరీక్షకి పేరిచ్చిన ఆ నలభై మందిలో ముల్లు కూడా ఉంది, రెండో రోజే రాసింది. కోడ్ తను కట్టుకుంటే ఒక సైజు వస్తోందట, నా ప్యాకేజీ ఇంకో సైజు ఉందట, ఎందుకని ప్రశ్న. మళ్ళీ నమస్కారం లేదు.

అది మా యాజమాన్యానికి సంబంధించిన విషయమని, ముందు పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతి నేర్చుకోమని, ఇంతకీ మీది ఏ ఊరని రాశాను. జవాబు వచ్చింది: 'ఊరికీ సైజుకీ సంబంధం ఏంటి?'

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరు పేరు చెప్పుకోలేనివాడు నా సైజు అడుగుతాడా? శేషుకి చూపించాను. ఓర్వలేనితనం బాబాయ్ గారూ, ఇలాంటివాళ్ళని గుమ్మంలోనే ఆపాలి అన్నాడు. ఆపాను. ముల్లు ఇక అక్కడ రాయడానికి వీల్లేకుండా చేశాను. ఆ పూట అన్నం బాగా తిన్నాను కూడా.

కీ ఇవ్వాల్సిన సోమవారానికి ముందు గురువారం కాలేజీకి ఒక పోస్టుకార్డు వచ్చింది. ఈ రోజుల్లో పోస్టుకార్డేంటని అటెండరు చదివి, ప్రిన్సిపాల్ చదివి, ఆఖరికి నాకిచ్చారు. రేపల్లె ముద్ర. పంపినవాళ్ళ ఊరూ చిరునామా లేవు. నీలం సిరాతో గుండ్రటి అక్షరాలు.

'ప్యాకేజీ విప్పి చూశాను. ఫోటో 38 కేబీ. తేడా 41 కేబీ. మిగతా మూడు ఏంటి? కీ ఇచ్చే ముందు చూడండి. ముల్లు.'

లెక్కల మాస్టారి కొడుకుని. నలభై ఒకటిలోంచి ముప్పై ఎనిమిది తీసేయడానికి నాకు రేపల్లె నుంచి కార్డు రావాల్సొచ్చింది.

ల్యాబ్‌లో సెకండియర్ పిల్లలు ప్రింటరుతో కుస్తీ పడుతున్నారు. నేను మూల సిస్టంలో కూర్చుని, పాత పద్ధతిలో చేత్తో ఒకటి, శేషు స్క్రిప్టుతో ఒకటి కట్టాను. రెంటిలోనూ చైర్మన్ గారు ఉన్నారు. రెండోదాన్లో ఇంకొకరు కూడా ఉన్నారు. ఆ మూడు కేబీ విప్పి చదవడానికి రెండు పీరియడ్లు పట్టింది. ఫోన్‌కి వచ్చే ప్రతి మెసేజునీ కాపీ తీసి ఎక్కడికో పంపిస్తోంది. ఓటీపీలూ అందులోనే. సోమవారం ఇది అందరి ఫోన్లలోకీ నా సంతకంతో వెళ్ళేది. ఆ తరవాత సంతకమే వాడిదయ్యేది.

మా మేనమామ కొడుక్కి ఫోన్ చేసి శేషు ఎవర్రా అన్నాను. తెలీదన్నాడు. పంచాయితీ ఆఫీసు వెనక ఇల్లట కదా అంటే, వెనక ఇళ్ళెక్కడివి బావా, అంతా మినుము చేను కదా అన్నాడు. బాపట్లలో బస్సెక్కితే కాకుమాను ఎంతో దూరం లేదు. రెండేళ్ళలో ఒక్కసారి వెళ్ళి చూడలేదు. శేషుకి రాస్తే జవాబు లేదు. సాయంత్రానికి ఆ పేరే మాయమైపోయింది.

నలభై మందికీ విడివిడిగా రాశాను, అందరూ చూసేచోటా రాశాను. ప్యాకేజీ తీసేయండి, పాస్‌వర్డులు మార్చుకోండి, తప్పు నాది, హెచ్చరించిన మనిషిని నేనే గెంటేశాను అని. మారుతాళం చరిత్రలో మా ఇంటి కబుర్లు లేని మొదటి నోటు అదే. కొందరు తిట్టారు, తిట్టాల్సిందే. చైర్మన్ గారి ఫోటో తీసేశానని ప్రిన్సిపాల్‌కి చెబితే, ఆయనకెలా చెప్పాలో తెలీక సెలవు పెట్టాడు.

ఇంట్లో చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. సుభద్ర అంతా విని, వాడికి తన మెసేజులన్నీ తెలిసినట్టేనా అని అడిగింది. తొమ్మిది రోజులవి తెలిసినట్టే అన్నాను.

"అయితే మా చెల్లెలు నన్నన్న మాటలన్నీ చదివాడా?"

"చదివే ఉంటాడు."

"పోన్లెండి. తప్పెవరిదో బయటివాడు ఒకడికైనా తెలిసింది." మళ్ళీ తనే అంది, "మన పెళ్ళిచూపుల్లోనూ మావాళ్ళు మిమ్మల్ని ఇవే ప్రశ్నలడిగారు. ఏ ఊరు, ఎవరి తాలూకు. మీకేం వచ్చో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదనుకోండి."

రేపల్లె

ముల్లుకి మళ్ళీ దారి తెరిచి, క్షమించమని, వీలైతే కలుస్తానని రాశాను. ఊరు అడగలేదు. అడగడానికి వేళ్ళు రెండుసార్లు వెళ్ళాయి, తుడిచేశాను. స్టేషన్ బయట బస్సులు ఆగే చోట, ఫోన్ రిపేరు షాపు, ఆదివారం రండి అని జవాబు.

తెనాలిలో రేపల్లె బండెక్కాను. నా మనసులో ముల్లంటే గడ్డం, కళ్ళజోడు ఉన్న పొగరుబోతు కుర్రాడు. షాపులో ముప్పై అయిదేళ్ళావిడ సూక్ష్మదర్శిని కింద ఒక ఫోన్ గుండె తెరిచి టంకం పెడుతోంది. తల ఎత్తకుండానే స్టూలు చూపించింది. పేరు సుజాత అని తరవాత చెప్పింది.

మిల్లుల్లో పనిచేసేవాళ్ళు, పల్లెల బస్సులెక్కేవాళ్ళు పాత ఫోన్లు తెస్తారట. కంపెనీ వదిలేసిన ఫోన్లని మారుతాళంతో తెరిచి, చెత్తంతా తీసేసి, ఇంకో నాలుగేళ్ళు నడిచేలా చేసిస్తుందట. నా ప్యాకేజీ ఎప్పుడూ నేరుగా ఎక్కించలేదట. కోడ్ తెచ్చుకుని తనే కట్టుకుంటుంది. నమ్మకం లేకా అని అడిగాను.

"జనం ఫోను నా చేతిలో పెట్టి, లాక్ కూడా చెప్పేసి, టీ తాగడానికి పోతారండి. నేను చూడకపోతే ఇంకెవరు చూస్తారు?"

అయినా అలవాటు చెడ్డది కదా, అడిగేశాను. "మరి ఆ రోజు నేనడిగినప్పుడు ఊరు పేరు చెప్పేస్తే గొడవే ఉండేది కాదు కదమ్మా?"

టంకం పెట్టే కడ్డీని స్టాండులో పెట్టింది.

"రేపల్లె అంటే, రేపల్లెలో ఎక్కడ అంటారు మాస్టారూ. ఫలానా పేట అంటే, 'ఓహో' అంటారు. ఆ ఓహో తరవాత నా కోడ్ ఎవరూ చదవలేదండి. ఇదివరకు రెండు చోట్ల చూశాను."

మూడో చోటు నాదే అయ్యేది. ఆ మాట ఆవిడ అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నేను అడిగే ఆ ప్రశ్న మర్యాద కోసమని అరవై ఏళ్ళు నమ్మాను. అది దొంగని లోపలికి రానిచ్చింది, కాపలా మనిషిని బయటికి నెట్టింది.

జేబులోంచి కీ ఉన్న పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాను. మీరే చూసుకోండమ్మా, నాకు చేతకాదని తేలిపోయింది అన్నాను. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. అంతా ఒక్కరి మాట మీదే నడిచేట్టయితే, ఆ ఒక్కరు తనైనా ఒప్పుకోనంది. ప్రతి విడుదలా ఇద్దరు వేరువేరు చోట్ల కట్టాలి, రెండూ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే సంతకం పడాలి, కోడ్‌లో లేనిది ప్యాకేజీలో ఉండకూడదు, దేవుడి పటమైనా సరే. సరేనన్నాను. అప్పుడు నావైపు చూసింది.

"ఇంతకీ మారుతాళం చేసింది మీరేనని నాకేంటండి నమ్మకం?"

నేను వెంటనే మొదలెట్టేశాను. తెనాలి అన్నాను, మా వీధి చెప్పాను, మా నాన్నగారి పేరు చెప్పాను, లెక్కల మాస్టారంటే అటువైపు తెలియనివాళ్ళు ఉండరన్నాను.

"అవి కాదండి," అంది, తన కంప్యూటర్ నావైపు తిప్పి. "కట్టి చూపించండి."

స్టూలు ముందుకి లాక్కున్నాను. పదమూడేళ్ళుగా కళ్ళు మూసుకుని చేసిన పనిలో రెండుసార్లు తప్పు కొట్టాను. పక్కన రెండో కంప్యూటర్లో ఆవిడా కట్టింది. రెంటికీ చివర్న వచ్చే, ఫైలు రవ్వంత మారినా మారిపోయే అరవై నాలుగు అక్షరాల గుర్తుని ఒక్కో అక్షరం పైకి చదివింది, నేను వేలు పెట్టి చూసుకుంటూ వచ్చాను. ఫోన్ ఇచ్చి టీకి వెళ్ళిన పెద్దాయన తిరిగొచ్చి, మమ్మల్ని చూసి, మంత్రాలు చదువుకుంటున్నారనుకుని బయటే నిలబడ్డాడు.

"కలిసిందండి," అంది సుజాత, పెన్‌డ్రైవ్ తీసుకుని.

నాకు ఉద్యోగం ఇచ్చినవాళ్ళు, పిల్లనిచ్చినవాళ్ళు, కాఫీ తాగి తీర్పు చెప్పినవాళ్ళు, అందరూ మా నాన్నగారిని చూసి నమ్మారు. నా పని చూసి నన్ను నమ్మిన మొదటి మనిషి ఆవిడే.